టైఫాయిడ్: బిల్లు మనకు, నింద మనకు. టీకా ఎవరికి?

మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రం గోడమీద ఒక బొమ్మ ఉంది. చీరకొంగు దోపుకున్న ఒక తల్లి బిందెలో నీళ్లు వడగడుతూ ఉంటుంది. పక్కన ఒక పిల్లవాడు సబ్బుతో చేతులు కడుక్కుంటూ ఉంటాడు. కింద పెద్దక్షరాలతో "తల్లీ, బిడ్డ ఆరోగ్యం నీ చేతుల్లోనే" అని రాసి ఉంటుంది. ఆ గోడకు పది అడుగుల దూరంలోనే వీధి కుళాయి. అది రెండు రోజులకోసారి వస్తుంది. వచ్చినప్పుడు మొదటి రెండు బిందెలు మురుగు వాసన కొడతాయి, వాటిని పారబోసి మూడో బిందె పట్టుకోవాలి. బొమ్మ గీయించినవాళ్లకు కుళాయి కనపడలేదనుకోవాలా? కనపడే ఉంటుంది. కుళాయిని బాగుచేయడం కంటే గోడకు రంగు వేయడం చవక.

నేను ఇరవై రెండేళ్లు ఒక చిన్న పట్టణంలో రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా పనిచేశాను. ఈ వ్యాసం ఆ బొమ్మ మీద కోపంతో మొదలుపెట్టాను. కానీ రాస్తుంటే నా మీద నాకే కోపం వచ్చింది. ఆ బొమ్మ గోడమీద రాసిన నిందనే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆడవాళ్ల చేతికిచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అంచేత ముందు నా సంగతే చెబుతాను.

మూడు చీటీలు

బీడీలు చుట్టే ఒక చెల్లె మా ల్యాబుకు వచ్చేది. ఒక వానాకాలంలో మొదటిసారి జ్వరంతో వచ్చింది. డాక్టరు వైడాల్ పరీక్ష రాశాడు. నేను చేశాను, 1:160 వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. పది రోజుల మందులు, నాలుగు సెలైన్లు. సంక్రాంతి తర్వాత మళ్లీ జ్వరం. మళ్లీ అదే పరీక్ష, అదే అంకె, అవే మందులు. ఎండాకాలంలో మూడోసారి వచ్చేసరికి మనిషి సగమైపోయింది. చీటీ చేతికిస్తుంటే నా ముఖంలోకి చూసి అడిగింది: "అక్కా, నిజం చెప్పు. నేను అంత శుద్ధి లేనిదాన్నా? మా అత్త నా పల్లెం వేరే పెట్టింది. నా చేతి వంట తింటలేరు. పిల్లను గూడ నా దగ్గర పండనిస్తలేరు. మూడుసార్లు టైఫాయిడ్ వచ్చిందంటే తప్పు నీ చేతులల్లనే ఉన్నదంటున్నరు."

నేనేమీ చెప్పలేదు. చీటీకి డబ్బు తీసుకుని రసీదు ఇచ్చాను.

ఆమెను పుట్టింటికి పంపేశారు. అక్కడ సర్కారు దవాఖానాలో ఒక లేడీ డాక్టరు సాయంత్రం పూట జ్వరం, చెమటలు, బరువు తగ్గడం గురించి అడిగి తెమడ పరీక్షకు పంపింది. అది క్షయ. మూడుసార్లు మేము టైఫాయిడ్ అని రాసిన కాలమంతా అది ఆమె ఊపిరితిత్తుల్ని తింటూనే ఉంది. బీడీ దుమ్ములో బతికేవాళ్లు దగ్గితే ఎవరూ పట్టించుకోరు. మేమూ పట్టించుకోలేదు. ఆరు నెలల మందులతో ఆమె బతికింది. అప్పటికి పుస్తెలతాడు కుదువలో పోయింది, ఏడాది పోయింది, పిల్ల దూరమైంది. ఇవి ఏ మందుతోనూ తిరిగి రాలేదు.

ఒక్క నిమిషం పరీక్ష

వైడాల్ పరీక్ష ఏమిటో పాఠకులకు చెప్పాలి. ఎందుకంటే మనలో ఆ చీటీ అందుకోని ఇల్లు లేదు. రోగి రక్తం నుంచి సీరం వేరుచేసి, గాజుపలక మీద ఒక చుక్క వేస్తాం. పక్కనే చంపిన టైఫాయిడ్ క్రిములున్న రంగునీళ్ల చుక్క వేసి కలుపుతాం. ఒక్క నిమిషం ఊపితే, సీరంలో ఆ క్రిములతో పోరాడే యాంటీబాడీలు ఉంటే రంగు సన్నని ఇసుకలా గుమికూడుతుంది. అంతే. పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్ ఈ పద్ధతిని 1896లో ప్రకటించాడు. అప్పటికి అది గొప్ప సంగతే. టైఫాయిడ్ క్రిమిని ఎబెర్త్ చూసింది 1880లో, గాఫ్కీ ల్యాబులో పెంచింది 1884లో. పన్నెండేళ్లలో రక్తపుచుక్కతో జబ్బు గుర్తించే దారి దొరికిందంటే ఆ కాలపు డాక్టర్లు సంతోషించడం సహజం.

కానీ ఆ పరీక్ష చూసేది క్రిమిని కాదు, క్రిమి మీద శరీరం చేసిన పోరాటపు ఆనవాళ్లను. ఆ ఆనవాళ్లు ఎప్పుడో చిన్నప్పుడు వచ్చిపోయిన టైఫాయిడ్‌వి కావచ్చు. వేసుకున్న టీకావి కావచ్చు. దాని చుట్టపు క్రిములవి కావచ్చు. మలేరియా వంటి వేరే జ్వరాల్లో కూడా రంగు గుమికూడవచ్చు. మురుగు కలిసిన నీళ్లు తాగి పెరిగిన మనలాంటి ప్రాంతాల్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఎంతో కొంత అంకె వస్తుంది. అందుకే పుస్తకాలు ఒక్క పరీక్షను నమ్మవద్దనీ, పది పద్నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు చేసి అంకె నాలుగింతలైందో లేదో చూడాలనీ చెబుతాయి. జ్వరం వచ్చిన మొదటి వారంలో చేస్తే నిజమైన టైఫాయిడ్ కూడా దొరక్కపోవచ్చు. ఇవన్నీ నేను డిప్లొమాలో చదువుకున్నవే. ఇరవై రెండేళ్లలో రెండోసారి పరీక్షకు తిరిగి రమ్మన్న రోగులు నాకు వేళ్లమీద లెక్కపెట్టేటంతమంది కూడా గుర్తులేరు. జ్వరం వచ్చిన రెండో రోజునే చేసేవాళ్లం, ఒక్కసారే చేసేవాళ్లం, తేల్చేసేవాళ్లం.

సరైన పరీక్ష బ్లడ్ కల్చర్. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీసి పోషకద్రవమున్న సీసాలో వేసి, వెచ్చగా ఉంచి, క్రిమి పెరుగుతుందో లేదో రెండు నుంచి ఐదు రోజులు చూస్తారు. పెరిగితే అది టైఫాయిడే, సందేహం లేదు. పైగా ఏ మందుకు లొంగుతుందో కూడా తెలుస్తుంది. దీనికీ లోపం ఉంది. నిజంగా టైఫాయిడ్ ఉన్న ప్రతి పదిమందిలో ఆరుగురి దగ్గర మాత్రమే దొరుకుతుంది. ముందే మందులు వాడితే ఇంకా తక్కువ. ఎముక మజ్జ నుంచి చేసే కల్చర్ ఇంకా బాగా పట్టుకుంటుంది గానీ, దాన్ని ఊరూరా చేయలేం. ఇరవై నిమిషాల్లో తేల్చే కొత్త కిట్లు కూడా వచ్చాయి. అవి వైడాల్ కంటే కొంత మెరుగే కానీ కల్చర్ స్థానం తీసుకునేంత నమ్మకమైనవి కావు. నూటపాతికేళ్లు దాటినా పేదల జ్వరానికి చవకైన, నమ్మదగిన పరీక్ష ఎందుకు రాలేదు? ఆ జబ్బు లండన్‌లో, న్యూయార్క్‌లో పోయింది కాబట్టి. మన వీధుల్లో మిగిలిన జబ్బు మీద పరిశోధనకు డబ్బు పెట్టేవాడు ఎప్పుడూ వరసలో చివరివాడే.

మరి ఉన్న కల్చర్ పరీక్షయినా ఎందుకు చేయరు? దానికి ఇంక్యుబేటరు, శిక్షణ పొందిన మనిషి, తడబడని కరెంటు, ఐదు రోజుల ఓపిక కావాలి. వైడాల్‌కు ఒక గాజుపలక చాలు. వైడాల్ చేస్తే అరగంటలో చీటీ, చీటీ వెంట సెలైను, సెలైను వెంట మందుల షాపు, రాసినవాళ్లకు కమీషన్. ఈ గొలుసులో రోగికి నిజం తెలియాల్సిన అవసరం ఎవరికీ లేదు.

ఇది ఒక్క ఇంటి నష్టం కాదు. అవసరం లేనివాళ్లకు యాంటీబయాటిక్ పోస్తుంటే క్రిములు మందులకు అలవాటు పడతాయి. 1948లో క్లోరాంఫెనికాల్ వచ్చినప్పుడు టైఫాయిడ్ పని అయిపోయిందన్నారు. 1972లో కేరళలోని కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ విరుచుకుపడింది. 2016లో పాకిస్తాన్ సింధు రాష్ట్రంలోని హైదరాబాదులో మొదలైన టైఫాయిడ్ పాత మందులకూ, సిప్రోఫ్లోక్సాసిన్‌కూ, సెఫ్‌ట్రయాక్సోన్‌కూ కూడా లొంగలేదు. నోటితో వేసుకునే మందుల్లో అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. రేపు ఆ ఒక్కటీ పోతే, ఐసీయూ ఖర్చు భరించలేని ఇంట్లో బిడ్డ ఏమవుతుంది?

వంటమనిషి మేరీ

జబ్బు ఎక్కడినుంచి వచ్చిందని అడిగినప్పుడు వేలు ఎవరివైపు చూపిస్తారో తెలుసుకోవాలంటే మేరీ మాలన్ కథ చదవాలి. ఐర్లండు నుంచి వలస వచ్చిన ఈమె న్యూయార్క్‌లో ధనికుల ఇళ్లలో వంట చేసేది. ఆమెకు ఏ జబ్బు లక్షణమూ లేదు. కానీ టైఫాయిడ్ నుంచి కోలుకున్నవాళ్లలో నూటికి కొద్దిమంది శరీరంలో, ముఖ్యంగా పిత్తాశయంలో, క్రిమి ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. మేరీ అలాంటి మనిషి. ఆమె వండిన ఇళ్లలో జనం జబ్బుపడ్డారని కనిపెట్టి 1907లో ఆమెను పట్టుకుని ఒక దీవిలోని ఆస్పత్రిలో నిర్బంధించారు. ఇక వంట చేయనని రాయించుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పని ఇచ్చారు. దానికి వంటపనికంటే కూలి తక్కువ. కొన్నాళ్లకు ఆమె మారుపేరుతో మళ్లీ వంటింట్లోకే వెళ్లింది. 1915లో ఒక ప్రసూతి ఆస్పత్రిలో టైఫాయిడ్ రేగి ఇద్దరు చనిపోయాక ఆమెను మళ్లీ పట్టుకున్నారు. 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉంది. మొత్తం ఇరవయ్యారేళ్ల నిర్బంధం.

ఆమె వల్ల మనుషులు జబ్బుపడ్డ మాట నిజం. చనిపోయిన మాటా నిజం. కానీ ఆమె చనిపోయేనాటికి ఆ ఒక్క నగరంలోనే అలాంటి వాహకులు నాలుగు వందలమందికి పైగా అధికారుల జాబితాలో ఉన్నారు. వాళ్లలో మగవాళ్లున్నారు, తిండి వ్యాపారం చేసేవాళ్లున్నారు. ఎవరినీ ఆమెలాగా జీవితాంతం బంధించలేదు. ఒంటరి స్త్రీ, వలసవచ్చిన మనిషి, వంటమనిషి, నోరున్న మనిషి. ఈ నాలుగూ కలిస్తే శిక్ష పడింది. "టైఫాయిడ్ మేరీ" అన్న పేరు ఆంగ్ల నిఘంటువుల్లోకి ఎక్కింది. అదే కాలంలో టైఫాయిడ్‌ను ఊళ్లకు ఊళ్లకు పంచిన, వడపోత లేని నీళ్లు సరఫరా చేసిన కంపెనీల యజమానుల పేర్లు ఏ నిఘంటువులోనూ లేవు.

మా బీడీ చెల్లె పల్లెం వేరే పెట్టిన అత్తకు మేరీ కథ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు. వంటచేసే చేతులమీద నింద వేయడం పితృస్వామ్యం ఇంటింటికీ నేర్పిన పాఠం. ఆ పాఠానికి మా ల్యాబు చీటీ సాక్ష్యం అయ్యింది. గోడమీది బొమ్మ దానికి సర్కారు ముద్ర.

మన ఊళ్లో టీకా, మన బిడ్డలకు లేదు

ఇప్పుడు టీకా సంగతి. 1896లోనే ఇంగ్లండులో ఆల్మ్రోత్ రైట్, జర్మనీలో ఫైఫర్, కోలె టైఫాయిడ్ టీకా తయారుచేశారు. 1898లో రైట్ మన దేశం వచ్చి ఇక్కడున్న బ్రిటిష్ సైనికుల్లో సుమారు నాలుగు వేలమందికి వేశాడు. అప్పట్లో ఈ దేశంలో టీకా కావలసింది తుపాకీ పట్టినవాళ్లకే. స్వాతంత్ర్యం తర్వాత 1978లో మొదలైన దేశవ్యాప్త టీకాల కార్యక్రమంలో టైఫాయిడ్ టీకాకు చోటిచ్చారు గాని, 1981లో తీసేశారు. ఆ పాత టీకా వేస్తే చెయ్యి వాచి రెండురోజులు జ్వరం వచ్చేది. తర్వాత వచ్చిన, క్రిమి పైపొర చక్కెరతో చేసిన టీకా సుఖమైనదే. అయితే రెండేళ్లలోపు పిల్లల్లో పనిచేయదు.

ఆ చిక్కును విప్పినవాళ్లలో స్త్రీలున్నారన్నది మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థలో జాన్ రాబిన్స్‌తో కలిసి రేచల్ ష్నీర్సన్, షౌసున్ సు ఆ చక్కెరను ఒక ప్రొటీనుకు జతచేస్తే పసిపిల్లల శరీరం కూడా గుర్తుపడుతుందని చూపించారు. వియత్నాం పల్లెల్లో రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు వేసి చూసి, 2001లో ప్రకటించిన ఫలితంలో రక్షణ నూటికి తొంభైకి పైగా వచ్చింది. ఈ పద్ధతిలో తయారైన టీకాను కాంజుగేట్ టీకా అంటారు. 2017 చివర ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందిన మొదటి కాంజుగేట్ టీకా మన హైదరాబాదు శివార్లలో భారత్ బయోటెక్‌లో తయారైంది. 2020లో గుర్తింపు పొందిన రెండోది బయోలాజికల్ ఇ కంపెనీది. అదీ హైదరాబాదుదే.

ఇక అది ఎక్కడెక్కడ పనిచేసిందో చూడండి. నేపాల్‌లో ఇరవై వేలమంది పిల్లల మీద జరిగిన పరీక్షలో నూటికి 81 పాళ్ల రక్షణ కనిపించింది. ఆఫ్రికాలోని మలావిలో సుమారు అంతే, నాలుగేళ్ల తర్వాత కూడా 78. ఢాకాలో ఫిర్దౌసి ఖాద్రి బృందం చేసిన పరిశోధనలో 85. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా మరీ పసివయసులో వేసుకున్న పిల్లల్లో, రక్షణ తగ్గుతుందనీ, మరో డోసు గురించి ఆలోచించాలనీ ఆ ఢాకా పరిశోధనే తర్వాత చెప్పింది. దాచాల్సిన సంగతి కాదు. తగ్గినా, లేనిదానికంటే ఎన్నో రెట్లు మేలు.

మందులకు లొంగని జబ్బు రేగిన సింధు హైదరాబాదుకు 2018లో మన హైదరాబాదు టీకాయే వెళ్లింది. సరిహద్దు దాటి వెళ్లి అక్కడి బిడ్డల్ని కాపాడింది. సంతోషం. 2019లో పాకిస్తాన్ దీన్ని పిల్లల మామూలు టీకాల్లో చేర్చిన మొదటి దేశమైంది. 2021లో లైబీరియా, జింబాబ్వే, 2022లో నేపాల్, 2023లో మలావి చేర్చుకున్నాయి. 2025 అక్టోబరులో బంగ్లాదేశ్ దేశమంతటా మొదలుపెట్టింది. పేద దేశాలకు టీకాలు కొనిపెట్టే గావి కూటమి ఒక్కో డోసుకు చెల్లించేది సుమారు ఒకటిన్నర డాలరు.

మనకో? 2018లో నవీ ముంబై మునిసిపాలిటీ తన డబ్బుతో లక్షకు పైగా పిల్లలకు వేయించింది. ఒక మునిసిపాలిటీ తలుచుకుంటే అయిన పని అది. 2022లో కేంద్రానికి సలహా ఇచ్చే జాతీయ టీకాల నిపుణుల బృందం దేశమంతా పిల్లలకు ఇవ్వాలని సిఫార్సు చేసింది. 2025 నాటికీ ఉచిత టీకాల జాతీయ పట్టికలో అది ఎక్కలేదు. ప్రైవేటు పిల్లల ఆస్పత్రిలో ఆ ఒక్క సూది ధర బీడీలు చుట్టే తల్లికి వారం పదిరోజుల కూలి. మన ఊళ్లో తయారై, సముద్రాలు దాటి పరాయి బిడ్డలకు ఉచితంగా అందే టీకా, ఆ ఫ్యాక్టరీకి కూతవేటు దూరంలో ఉండే కూలి బిడ్డకు అందదు.

జబ్బు అంతగా లేదని సాకు చెప్పడానికీ వీల్లేదు. వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ శాస్త్రవేత్తలు మరికొందరితో కలిసి 2017 నుంచి 2020 దాకా నాలుగు చోట్ల ఇరవై నాలుగు వేలమంది పిల్లల్ని గమనించారు. జ్వరం వచ్చిన బిడ్డకు వైడాల్ కాదు, బ్లడ్ కల్చరే చేశారు. ఢిల్లీ, కోల్‌కతా, వెల్లూరు బస్తీల్లో లక్షమంది పిల్లలకు ఏడాదికి 576 నుంచి 1,173 టైఫాయిడ్ కేసులు తేలాయి. పుణె దగ్గరి పల్లెల్లో 35 మాత్రమే. ఈ అంకెలు రెండు సంగతులు చెబుతున్నాయి. బస్తీల్లో టైఫాయిడ్ భయంకరంగా ఉంది. చాలా పల్లెల్లో మనం టైఫాయిడ్ అని రాస్తున్న జ్వరాల్లో ఎన్నో టైఫాయిడ్ కాకపోవచ్చు. అంటే నిజమైన రోగికి టీకా లేదు, రోగి కానివాళ్లకు సెలైను ఉంది.

అనుమానం మన హక్కు

టీకా కోసం కొట్లాడదాం అంటే మన సంస్థలోనే కొందరు అక్కచెల్లెళ్లు ముఖం చిట్లిస్తారు. వాళ్ల అనుమానానికి కారణముంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా పేరిట వేలమంది ఆడపిల్లలకు, ఎక్కువగా ఆదివాసీ, దళిత హాస్టళ్ల పిల్లలకు సూదులు వేశారు. తల్లిదండ్రుల బదులు చాలాచోట్ల వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా సంఘాలు గొంతెత్తాక 2010లో ఆపారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ తీరును గట్టిగా తప్పుబట్టింది. ఆ పోరాటం సరైనదే. రేపు టైఫాయిడ్ టీకా విషయంలో అలా చేసినా పోరాడాల్సిందే.

కానీ ఆనాడు మనం అడిగింది ఏమిటి? మాకు చెప్పకుండా, మా సంతకం లేకుండా, మా పిల్లల మీద ప్రయోగం చేయొద్దు అని. విజ్ఞానం మాకొద్దు అని అనలేదు. ప్రయోగం పేదల మీద చేయడం ఎంత అన్యాయమో, ప్రయోగం పూర్తయ్యాక ఫలితాన్ని పేదలకు అందకుండా చేయడమూ అంతే అన్యాయం. ఢిల్లీ, కోల్‌కతా, వెల్లూరు బస్తీల తల్లులు తమ బిడ్డల రక్తం ఇచ్చి ఆ లెక్కలు తేల్చారు. ఆ లెక్కల మీద వాళ్లకు హక్కుంది.

టీకా వస్తే నీళ్లు వద్దా?

ఇంకో అనుమానం ఇంతకంటే బలమైనది. టీకా వేసి చేతులు దులుపుకుంటారు, మురుగు మురుగుగానే ఉంటుంది అని. నిజమే, ఈ ప్రమాదం ఉంది. టైఫాయిడ్ అంటే ఒకరి మలంలోని క్రిమి మరొకరి నోట్లోకి చేరడం. మధ్యలో ఉన్న దారి పైపులది, కాలువలది, అంటే పాలకులది. అమెరికాలో, యూరప్‌లో నీటిని వడపోసి క్లోరిన్ కలపడం మొదలయ్యాక టీకాతో పని లేకుండానే ఈ జబ్బు కూలిపోయింది.

చిలీ రాజధాని శాంటియాగో కథ మనకు ఇంకా దగ్గర. అక్కడ తాగునీరు బాగానే ఉండేది. అయినా టైఫాయిడ్ పోలేదు. నగరం మురుగును శుద్ధి చేయకుండా కూరగాయల తోటలకు పారించేవాళ్లు. పచ్చిగా తినే ఆకులతో జబ్బు ఇళ్లకు తిరిగొచ్చేది. 1991లో పక్కదేశం నుంచి కలరా వస్తుందన్న భయంతో ప్రభుత్వం ఆ సాగును నిషేధించింది. కలరాను ఆపడానికి వేసిన అడ్డుకట్ట టైఫాయిడ్‌ను కూడా పడగొట్టింది. అన్నేళ్లుగా తల్లులకు చేతులు కడుక్కోమని చెప్పినా తగ్గనిది, ఒక సర్కారు ఉత్తర్వుతో తగ్గింది. మన మూసీ వెంబడి ఏ నీళ్లతో ఆకుకూరలు, గడ్డి పండుతున్నాయో తెలిసినవాళ్లకు ఇక వేరే చెప్పక్కరలేదు.

2009లో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018లో గుంటూరులో మంచినీటి పైపుల్లో మురుగు కలిసి మనుషులు చనిపోయారు. అవి వాంతులు, విరేచనాల చావులు. అయితే టైఫాయిడ్ వచ్చే దారీ అదే పైపు. ఆ రోజుల్లో ఏ తల్లి చేతులు కడుక్కోలేదని అవి జరిగాయి?

జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పాలన్నారు. సీసాలో నీళ్లు పోసి ఉంచితే, మలం కలిసిన నీళ్లయితే సీసా నల్లబడుతుంది. మంచిదే, ఆడవాళ్లం నేర్చుకుంటాం. కానీ సీసా నల్లబడ్డాక ఏమిటి? ఎవరికి చెప్పాలి, వాళ్లు ఎన్ని రోజుల్లో పైపు బాగుచేయాలి, చేయకపోతే ఎవరి జీతం కోయాలి? పరీక్ష చేసే పని మనకిచ్చి, బాగుచేయించే అధికారం ఇవ్వకపోతే, అది గోడమీది బొమ్మకు రెండో భాగం మాత్రమే.

చట్టం మనవైపే ఉంది. డబ్బు లేదన్న సాకుతో మురుగు కాలువలు కట్టకుండా తప్పించుకోవడం కుదరదని 1980లోనే రత్లాం మునిసిపాలిటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ చెరువుల కేసులో తాగునీరు జీవించే హక్కులో భాగమని 2000లో చెప్పింది. ఆ తీర్పు మన నీళ్ల గురించే వచ్చింది. మన బిందెల దాకా మాత్రం రాలేదు.

మనం అడగాల్సినవి

1. ప్రతి ఏరియా ఆస్పత్రిలో బ్లడ్ కల్చర్ ఉచితంగా చేయాలి. కింది ఆరోగ్య కేంద్రాల్లో తీసిన రక్తం అక్కడికి చేరే ఏర్పాటు ఉండాలి.

2. ఒక్కసారి చేసిన వైడాల్ చీటీ మీద "దీనితో మాత్రమే టైఫాయిడ్ అని నిర్ధారించరాదు" అని తెలుగులో ముద్రించడం తప్పనిసరి చేయాలి. రెండు మూడు వారాలైనా తగ్గని ప్రతి జ్వరానికీ క్షయ పరీక్ష చేయాలి.

3. నిపుణుల బృందం 2022 సిఫార్సు ప్రకారం కాంజుగేట్ టీకాను ఉచిత పట్టికలో చేర్చాలి. చేర్చేదాకా రెండు తెలుగు రాష్ట్రాలూ నవీ ముంబై చేసినట్టు బస్తీ పిల్లలతో మొదలుపెట్టాలి. తల్లిదండ్రులకు వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకున్నాకే వేయాలి.

4. నీటి పరీక్ష చేసే స్త్రీలకు వేతనం ఇవ్వాలి. నల్లబడ్డ ప్రతి సీసాకు జవాబు చెప్పే అధికారి పేరు, గడువు పంచాయతీ ఆఫీసు గోడమీద రాయాలి. రంగు ఉంది, గోడ ఉంది, బొమ్మ గీసేవాళ్లూ ఉన్నారు.

చేతులు కడుక్కోవద్దని నేను చెప్పడం లేదు. కడుక్కుంటాం, పిల్లలకూ కడుగుతాం, మన అమ్మమ్మల కాలం నుంచీ చేస్తున్న పనే అది. కానీ కడుక్కోవడానికి పోసుకునే చెంబుడు నీళ్లలోనే జబ్బు ఉంటే, ఆ చేతుల్ని దోషిగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఆ చెల్లె అడిగిన ప్రశ్నకు నేనారోజు జవాబివ్వలేదు. ఇప్పుడిస్తున్నాను. తప్పు నీ చేతుల్లో లేదు చెల్లె. మొదటి చీటీ రాసినప్పుడే నేనీ మాట చెప్పి ఉండాల్సింది. ఇక మీదట ఏ ల్యాబులోనైనా అలాంటి చీటీ చేతికిస్తే, తీసుకునే ముందు అడగండి: "కల్చర్ చేశారా? చేయకపోతే ఎందుకు చేయలేదు?" ఒక్కరే అడిగితే కసురుకుంటారు. పదిమంది కలిసి వెళ్లి అడగండి.